లావు టైర్ల మడత ఈ-బైక్: ఎక్కడ చెయ్యి పెట్టొచ్చు, ఎక్కడ పెట్టకూడదు

లావు టైర్ల మడత ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నవాళ్లలో చాలామందికి కొత్త మోజు తీరకముందే ఒక సందేహం మొదలవుతుంది: "దీని స్పీడ్ లాక్, అంటే గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా పెట్టిన కట్టడి, తీసేయొచ్చా?" యూట్యూబ్ తెరిస్తే శుభ్రంగా తీసేయొచ్చనే చెబుతారు. డిస్‌ప్లే మీద రెండు బటన్లు కలిపి నొక్కిపట్టాలి, ఫలానా సెట్టింగులోకి వెళ్లాలి, 25 ఉన్నచోట 45 పెట్టాలి, అంతే. ఆ వీడియో తీసినాయన అరిజోనాలోనో టెక్సాస్‌లోనో ఉంటాడు. ఆయన బండినీ మన బండినీ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. లోపల మాత్రం సంబంధం లేదు. అక్కడిది సాధారణంగా 48 వోల్టుల బ్యాటరీ, 500 లేదా 750 వాట్ల మోటారు. ఇక్కడ చట్టానికి లోబడి అమ్మేది ఎక్కువగా 36 వోల్టులు, 250 వాట్లు. చిక్కంతా ఈ పోలికతోనే వస్తోంది.

ఈ బండికి హద్దులు మూడు చోట్ల ఉన్నాయి. చట్టం గీసిన హద్దు ఒకటి. సర్క్యూట్ బోర్డు ఓర్చుకోగలిగిన హద్దు ఇంకొకటి. ఇనుమూ అల్యూమినియమూ ఓర్చుకోగలిగినది మూడోది. డిస్‌ప్లేలో అంకె మారిస్తే కదిలేది మొదటిదొక్కటే, మిగతా రెండూ ఉన్నచోటే ఉంటాయి. మార్పులు చేయాలనుకునేవాళ్లు తాము ఏ హద్దును తాకుతున్నారో తెలుసుకుంటే సగం డబ్బు, ముప్పావు టెన్షన్ మిగులుతాయి.

ఎందుకింత లావు, ఎందుకీ మడత

లావు టైరు మంచు కోసం పుట్టింది. అలాస్కా మంచు దారుల్లో మామూలు టైర్లు దిగబడిపోతుంటే, వెడల్పాటి టైరులో గాలి తక్కువ పెట్టి పైపైన పోయేలా చేశారు. అమెరికాలో సర్లీ అనే కంపెనీ 2005లో పగ్స్‌లీ సైకిల్ తెచ్చాక ఇది షాపుల్లో దొరికే సరుకైంది. తర్వాత ఇదే 4 అంగుళాల వెడల్పు టైరును 20 అంగుళాల చక్రానికి తగిలించి, ఫ్రేమును మధ్యలో మడిచి, వెనక చక్రంలో మోటారు పెట్టారు. ఫీనిక్స్ నగరానికి చెందిన లెక్ట్రిక్ 2019లో ఎక్స్‌పీ అనే మోడల్‌ను వెయ్యి డాలర్ల లోపే అమ్మడంతో అమెరికాలో ఈ రకం బండ్లు ఇంటింటికీ వచ్చాయి. మన దగ్గర పుణే కంపెనీ ఈమోటోరాడ్ అమ్మే డూడుల్‌దీ ఇదే అచ్చు.

మడత పెట్టొచ్చు కదా అని మూడో అంతస్తుకు మోసుకెళ్లే ఆలోచనతో కొనకండి. ఇవి 25 నుంచి 30 కిలోలుంటాయి. మడిచాక పట్టుకోవడానికి సరైన చోటుండదు, పెడల్ మోకాలి చిప్పకు తగులుతుంది, చైన్ గ్రీజు ప్యాంటుకు అంటుకుంటుంది. మడత అక్కరకొచ్చేది కారు డిక్కీలో పెట్టడానికి, అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టించడానికి. ఇంకో పని కూడా ఉంది. చాలా మోడళ్లలో బ్యాటరీ ఫ్రేము గొట్టం లోపలే ఉంటుంది, బండిని మడిస్తే తప్ప బయటికి రాదు. అంటే బ్యాటరీని తీసి ఇంట్లో ఛార్జ్ పెట్టుకునేవాళ్లు మడత తాళాన్ని రోజూ తీసి వేస్తుంటారు. దీని సంగతి తర్వాత చెబుతాను. విమానంలో తీసుకెళ్లే ఆశ కూడా వద్దు. ప్రయాణికులు తీసుకెళ్లే లిథియం బ్యాటరీకి విమానయాన సంస్థ అనుమతి ఉన్నా 160 వాట్-అవర్లే (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) గరిష్ఠం. ఈ సైకిళ్ల ప్యాకులు దానికి రెండు మూడు రెట్లు ఉంటాయి.

25 దాటితే అది సైకిల్ కాదు

కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 2(యు) అనే క్లాజు ఉంది. మోటారు 30 నిమిషాలు నిలకడగా ఇవ్వగలిగే శక్తి 0.25 కిలోవాట్ (250 వాట్ల) లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బండి బరువు 60 కిలోలకు మించకుండా, సరైన బ్రేకులూ వెలుతురు పడితే మెరిసే రిఫ్లెక్టర్లూ ఉంటే అది మోటారు వాహనం కిందికి రాదు. రిజిస్ట్రేషన్ వద్దు, లైసెన్స్ వద్దు. తొక్కుతుంటే మోటారు సాయం చేసే రకమైతే 25కు చేరేలోపు ఆ సాయం క్రమంగా తగ్గి ఆగిపోవాలి.

సెట్టింగు మార్చి 35లో వెళ్తున్న బండికి ఈ మినహాయింపు వర్తించదు. చట్టం దృష్టిలో అది నంబరు ప్లేటు లేని, ఇన్సూరెన్స్ లేని మోటారు వాహనం. దాన్ని తర్వాత రిజిస్టర్ చేయించుకుందామన్నా కుదరదు, ఎందుకంటే ఆ రూపంలో దానికి టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్‌ను పరీక్షించి ఇచ్చే ఆమోదం, ఉండదు. ట్రాఫిక్ పోలీసు ఆపుతాడా లేదా అన్నది పెద్ద విషయం కాదు, సాధారణంగా ఆపడు. ఎవరికైనా తగిలిందనుకోండి, అప్పుడు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేని బండి కాబట్టి పరిహారం మన జేబులోంచే పోతుంది. ఆ లెక్క వేసుకున్నాక కూడా లాక్ తీస్తామంటే అది వాళ్లిష్టం. నేనైతే తీయను, ఇంకొకరికి తీయమని చెప్పను.

అమెరికాలో కథ వేరు. అక్కడ చాలా రాష్ట్రాలు మూడు తరగతులు పెట్టుకున్నాయి. రెండు తరగతులకు గంటకు 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్లు. మూడో తరగతికి తొక్కుతూ 28 మైళ్లు, అంటే 45 కిలోమీటర్లు. మోటారు 750 వాట్ల దాకా ఉండొచ్చు. వీడియోలో ఆయన 45 పెట్టింది అందుకే. యూరప్ మళ్లీ మనలాగే 250 వాట్లు, 25 కిలోమీటర్లు.

250 వాట్లంటే 250 కాదు

స్టిక్కర్ మీది 250 వాట్లు మోటారు వేడెక్కిపోకుండా నిలకడగా ఇవ్వగలిగే శక్తి. ఒక్కో క్షణంలో ఎంత పోవాలో నిర్ణయించేది కంట్రోలర్ అనే చిన్న అల్యూమినియం డబ్బా. 36 వోల్టుల బండిలో అది 15 ఆంపియర్లు వదిలితే 540 వాట్లు లాగుతున్నట్టు. మనిషీ బండీ కలిపి 105 కిలోలు అనుకుంటే, ఫ్లైఓవర్ వాలు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి చక్రం దగ్గర సుమారు 450, 500 వాట్లు కావాలి. మోటారులో వేడిగా పోయేది తీసేస్తే 540లో చక్రానికి చేరేది 400 చిల్లర. మిగతాది కాళ్లే ఇవ్వాలి. "ఫ్లైఓవర్ ఎక్కడం లేదు, మోటారు పోయిందేమో" అని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లేవాళ్లు ముందు పెడల్ తొక్కి చూడటం మంచిది.

ఇక వోల్టు, ఆంపియర్ రెండూ వేర్వేరు పనులు చేస్తాయి. మోటారు ఎంత వేగంగా తిరగగలదన్నది వోల్టుల మీద ఆధారపడుతుంది, ఎంత బలంగా తోయగలదన్నది ఆంపియర్ల మీద. 36 వోల్టుల ప్యాక్ అంటే వరసగా 10 సెల్స్. నిండుగా ఉన్నప్పుడు 42 వోల్టులు, అడుగంటేసరికి 30 దగ్గర. అందుకే లాక్ తీసిన బండి నిండు ఛార్జింగ్‌తో బయల్దేరినప్పుడు కాస్త హుషారుగా పోయి, వెళ్లేకొద్దీ నీరసపడుతుంది. మోటారు చుట్టలే 36 వోల్టులకు ఒక వేగం దాటి తిరగలేవు. సెట్టింగులో 45 పెట్టినా రోడ్డు మీద 45 రాదు.

కొందరు ఇంకో చిట్కా చెబుతారు. డిస్‌ప్లేలో చక్రం సైజు తక్కువగా పెడితే బండి తాను నెమ్మదిగా పోతున్నాననుకుని మోటారును ఆపదు. నిజమే, పనిచేస్తుంది. దాంతో స్పీడోమీటర్, కిలోమీటర్ల లెక్క రెండూ అబద్ధాలు చెబుతాయి. సర్వీసు ఎప్పుడు చేయించాలో, బ్యాటరీ ఎంత దూరం ఇస్తోందో ఆ తర్వాత ఎవరికీ తెలియదు.

అసలు ప్రమాదం తర్వాతి మెట్టులో ఉంది: 36 వోల్టుల బండికి 48 వోల్టుల బ్యాటరీ తగిలించడం. 48 అంటే 13 సెల్స్, నిండుగా ఉంటే 54.6 వోల్టులు. 36 వోల్టుల కంట్రోలర్లలో తరచూ 50 వోల్టుల కెపాసిటర్లే వేస్తారు. నిండు ప్యాక్ పెడితే అవి 'ఠప్'మనొచ్చు. 48 వోల్టుల కంట్రోలర్‌తో సహా మార్చారనుకుందాం. అప్పుడు డిస్‌ప్లే, హెడ్‌లైట్, హారన్ ఆ వోల్టేజీకి పనికొస్తాయో లేదో ఒక్కొక్కటీ చూడాలి. ఇంట్లో ఒకేలాంటి పిన్నుతో రెండు ఛార్జర్లు పోగవుతాయి. 54.6 వోల్టుల ఛార్జర్‌ను ఎవరైనా పొరపాటున పాత 36 వోల్టుల ప్యాకుకు పెడితే, అడ్డుగా ఉండేది ప్యాక్ లోపల సెల్స్‌ను కాపలా కాసే బీఎంఎస్ బోర్డు ఒక్కటే. అది కూడా పోతే లిథియం సెల్స్ నిండిపోయాక కూడా కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ దగ్గర మొదలైన మంటలు, పొగ పైనున్న హోటల్‌కు పాకి 8 మంది చనిపోయారు. ఆ రోజు పొగ మెట్ల మీదుగా పైకి ఎగబాకిన తీరు గుర్తున్నవాళ్లెవరూ బండిని మెట్ల కింద ఛార్జింగ్ పెట్టరు.

ఆంపియర్లు పెంచే నాటు పద్ధతి ఒకటి ఉంది. కంట్రోలర్ లోపల షంట్ అని ఒక మందపాటి తీగ ముక్క ఉంటుంది. దాని గుండా ఎంత కరెంటు పోతోందో కొలిచే కంట్రోలర్ హద్దు పెడుతుంది. ఆ తీగ మీద సోల్డర్ పోస్తే నిరోధం తగ్గి, 20 ఆంపియర్లు పోతున్నా 15 అనుకుంటుంది. బోర్డు మీద కరెంటును తెరిచి మూసే మోస్‌ఫెట్లకు, సన్నటి మోటారు వైర్లకు మాత్రం 20 ఆంపియర్ల వేడే తగులుతుంది. పైగా ఈ వేడి ఆంపియర్ల వర్గంతో పెరుగుతుంది. 15 నుంచి 20కి వెళ్తే వైరులో వేడి 78 శాతం ఎక్కువ. అప్పటికీ కంట్రోలర్ తట్టుకుంటే బీఎంఎస్ తట్టుకోదు. సరిగ్గా ఎత్తు ఎక్కుతుండగా మొత్తం కరెంటు ఆపేస్తుంది.

ఇంకో లెక్క చూడండి. నిటారుగా కూర్చున్న మనిషి 25 వేగంతో పోతే గాలిని చీల్చుకోవడానికి సుమారు 120 వాట్లు చాలు. 40కి వెళ్తే అదే 490 దాకా అవుతుంది. 36 వోల్టులు, 12.75 ఆంపియర్-అవర్ ప్యాక్ అంటే 459 వాట్-అవర్లు. తొక్కకుండా థ్రాటిల్ (యాక్సిలరేటర్) మీదే పోతే లావు టైర్ల బండి కిలోమీటరుకు 15, 18 వాట్-అవర్లు తింటుంది, అంటే 25, 30 కిలోమీటర్లు. వేగం పెంచితే అది కూడా రాదు. ఎక్కువ దూరం కావాలని కొన్నవాళ్లు వేగం పెంచుకుని దూరం పోగొట్టుకుంటారు.

ముందు లొంగేది లోహమే

నిజానికి బ్యాటరీ మంటల సంగతి పక్కన పెడితే, నాకు కరెంటు భాగాల కన్నా భయం ఇనుప భాగాల మీదే. కరెంటు పోతే బండి ఆగుతుంది, అంతే. హ్యాండిల్ మడత ఊడితే మనిషి పడతాడు.

వెనక చక్రంలో మోటారు ఒకవైపు తిరుగుతుంటే దాని ఇరుసు రెండోవైపు తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఇరుసుకు రెండు పక్కలా చదునుగా చెక్కిన భాగం, ఫ్రేములోని గాడి, ఒక వాషరు, ఒక నట్టు. ఆ చదును వెడల్పు సుమారు 10 మిల్లీమీటర్లు. మోటారు 40 న్యూటన్-మీటర్ల మెలి ఇస్తే గాడి అంచుల మీద పడే బలం 4000 న్యూటన్ల స్థాయిలో ఉంటుంది, అంటే 400 కిలోల బరువు పెట్టినట్టు. గాడి అల్యూమినియంది, ఇరుసు ఉక్కుది. నట్టు కొంచెం వదులైనా ఉక్కు అల్యూమినియాన్ని కొరికేస్తుంది. గాడి విప్పారి ఇరుసు తిరిగిందంటే మోటారు వైర్లు మెలిపడి తెగిపోతాయి. అందుకే పవర్ పెంచినా పెంచకపోయినా టార్క్ ఆర్మ్ అనే ఉక్కు పట్టీ ఒకటి వేయించుకోవడం మంచి ఖర్చు. ఇరుసును పట్టుకుని, రెండో కొసను ఫ్రేముకు బిగిస్తారు. దొరక్కపోతే లేత్ వర్క్‌షాపులో మందపాటి ఉక్కు రేకు మీద కొలత ఇచ్చి కోయించుకోవచ్చు, కాకపోతే ఆ రంధ్రం ఇరుసు మీద బిగువుగా కూర్చోవాలి.

మడత తాళం మాటకొద్దాం. రోజూ తీసి వేసే తాళం మెల్లగా అరుగుతుంది. పరీక్ష తేలిక. ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టి, బండిని ముందుకూ వెనక్కూ ఊపాలి. ఇంకో చేతి వేళ్లు మడత కీలు అతుకు మీద ఉంచాలి. రెండు ముక్కల మధ్య కదలిక వేళ్లకు తెలుస్తుంది, చెవికి 'టిక్' అని వినిపిస్తుంది. అలా ఉంటే లీవరు పక్కనున్న సర్దుబాటు నట్టును కొంచెం బిగించాలి. ఒకేసారి పావు తిప్పుకు మించొద్దు. లీవరు మూసేటప్పుడు అరచేయి ఆనించి నెట్టాల్సినంత బిగువుండాలి. వేలితో మూతపడితే వదులు, కాలితో తన్నాల్సొస్తే మితిమీరింది. హ్యాండిల్ కింది మడతకూ ఇదే పరీక్ష. అక్కడ పొడవాటి గొట్టం ఉంటుంది కాబట్టి చిన్న వదులు కూడా పెద్ద ఊపవుతుంది. అతుకు చుట్టూ రంగు మీద వెంట్రుకంత గీత కనిపిస్తే అది గీత కాదు, పగులు అనుకుని బండిని పక్కన పెట్టేయాలి. దానికి వెల్డింగ్ పెట్టించడం లాంటివి వద్దు. అల్యూమినియం వెల్డింగ్ చేశాక మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేయకపోతే ఆ చోటు మెత్తబడిపోతుంది.

ఈ తాళాలు 25 వేగానికి, మామూలు గుంతలకు లెక్కవేసి పెట్టినవి. 105 కిలోలు 25 వేగంతో వస్తుంటే ఆపాల్సిన శక్తి సుమారు 2,500 జౌళ్లు. 40తో వస్తే 6,500. బ్రేకులు అవే, మడత కీలు అదే. హైదరాబాద్ రోడ్ల మీద చిన్న చక్రం గుంతలో పడ్డప్పుడు ఆ తేడా ఎటు పోతుందో ఊహించుకోవచ్చు.

చేయదగ్గవి

బ్రేకులతో మొదలుపెట్టాలి. ఎక్కువ బండ్లకు వైరుతో లాగే డిస్క్ బ్రేకులొస్తాయి. వాటిలో చాలావరకు ఒక ప్యాడే కదులుతుంది, రెండోది అరిగినకొద్దీ చేత్తో లోపలికి తిప్పాలి. ఆ సంగతి చెప్పేవాళ్లుండరు. హైడ్రాలిక్ వేయించుకుంటే చేతికి హాయి. కానీ కొత్త బ్రేకు లీవర్లో మోటారు కటాఫ్ స్విచ్ ఉండాలి. ఈ బండ్లలో పెడల్ సెన్సర్ అయస్కాంతాలను లెక్కపెట్టి పనిచేస్తుంది కాబట్టి, కాళ్లు ఆపాక కూడా మోటారు ఒక క్షణం తోస్తుంది. సిగ్నల్ దగ్గర ఆ ఒక్క క్షణం ముందున్న ఆటోకు గుద్దుకోవడానికి సరిపోతుంది. కటాఫ్ ఉంటే బ్రేకు మీద వేలు పడగానే మోటారు ఆగుతుంది. ఇంకోటి, హైడ్రాలిక్ గొట్టం మడిచినప్పుడు నలక్కుండా పొడవు వదలాలి.

తర్వాత గేర్లు. చిన్న చక్రం వల్ల 20 దాటాక కాళ్లు ఊరికే గాల్లో తిరుగుతాయి. వెనక 14 పళ్ల చిన్న గేరు బదులు 11 పళ్లున్న ఫ్రీవీల్ గానీ, ముందు పెద్ద పళ్ల చక్రం గానీ వేస్తే అదే మోటారుతో, చట్టం లోపలే, మీ కాలి బలం రోడ్డుకు చేరుతుంది. బ్యాటరీ కూడా ఎక్కువ దూరం వస్తుంది. పవర్ పెంచాలని తహతహలాడేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. పళ్ల చక్రం మార్చేముందు ఫ్రేముకు తగలదని చూసుకోవాలి, చైన్ రెండు మూడు లింకులు పెంచాల్సి రావచ్చు.

స్ప్రింగున్న సీటు పోస్టు, వెడల్పాటి మడ్‌గార్డులు, అద్దం, గట్టి బెల్లు, ఇవన్నీ కళ్లు మూసుకుని వేయించుకోవచ్చు. మడ్‌గార్డు మామూలు సైకిల్‌ది పట్టదు, 4 అంగుళాల టైరు వానాకాలంలో వీపంతా బురద చేస్తుంది. అదనపు లైటు పెడితే దాని వైరును ప్యాకు నుంచి నేరుగా లాగకుండా 12 వోల్టుల కన్వర్టర్, చిన్న ఫ్యూజు మధ్యలో పెట్టించాలి.

గాలి విషయంలో మన పంక్చర్ షాపులతో చిన్న గొడవ ఉంటుంది. కంప్రెసర్ పైపు పెట్టగానే అలవాటుగా స్కూటర్ టైరుకు పెట్టినట్టు 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా కొట్టేస్తారు. చాలా లావు టైర్ల గోడ మీద గరిష్ఠం 20 నుంచి 30 పీఎస్ఐ అనే రాసి ఉంటుంది. "అన్నా, ఇరవై చాలు, ఆపెయ్" అని పక్కన నిలబడి చెప్పాలి. తారు రోడ్డుకు 18, 20 బాగుంటుంది. విశాఖ బీచ్ ఇసుకలోకి దిగితే 8, 10కి తగ్గించొచ్చు. తిరిగి రోడ్డెక్కేముందు మళ్లీ నింపాలి, లేకపోతే టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వు చీలుతుంది. ఇసుకలో నడిపిన రోజు చైన్, బోల్టులు, కనెక్టర్లు మంచినీళ్ల తడిగుడ్డతో తుడవాలి. ప్రెషర్ వాటర్ వాషింగ్‌కు మాత్రం ఇవ్వొద్దు.

వెనక పంక్చర్ వేరే తతంగం. మోటారు వైరు కనెక్టర్ సాధారణంగా చైన్ పక్కన ఉంటుంది. దాని మీది బాణం గుర్తులు చూసుకుని తిప్పకుండా నేరుగా లాగాలి. తర్వాత పానాతో రెండు నట్లు, వాటి కింద కొక్కెం ఉన్న వాషర్లు. ఆ కొక్కెం ఏ వైపు ఏ రంధ్రంలో ఉందో తీసేముందే ఫోన్లో ఫోటో తీసుకోండి. తిరగేసి బిగిస్తే ఇరుసుకు పట్టు దొరకదు. 20×4 సైజు ట్యూబు వీధి షాపులో దొరకదు. ఒకటి కొని ఇంట్లో ఉంచుకుని, ఒక పానా, రెండు టైర్ లీవర్లు సీటు కింద సంచిలో పడేస్తే, షాపతను "ఇది మా వల్ల కాదు సార్" అన్నప్పుడు ఇబ్బంది ఉండదు.

ఎండాకాలం, బ్యాటరీ

లిథియం సెల్‌ను సాధారణంగా 0 నుంచి 45 డిగ్రీల మధ్యే ఛార్జ్ చేయాలి. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో గాలే 44, 45 ఉంటుంది. ఎండలో నిలబెట్టిన బండి ఫ్రేము గొట్టంలోని ప్యాక్ దానికన్నా వేడిగా ఉంటుంది. ఆఫీసు నుంచి రాగానే ఛార్జర్ గుచ్చకుండా, బ్యాటరీని బయటికి తీసి ఫ్యాను కింద గంటసేపు ఉంచి ఆ తర్వాత పెట్టడం మంచిది. రోజువారీ వాడకానికి 80, 90 శాతం దగ్గర ఆపేస్తే ప్యాక్ ఎక్కువ ఏళ్లు మన్నుతుంది. నెలల తరబడి ఊరెళ్తుంటే సగం ఛార్జింగ్‌తో వదలాలి.

సెల్స్ మార్చి పెద్ద ప్యాక్ కట్టిస్తామనే షాపులు ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉన్నాయి. కొత్త సెల్స్‌తో పాత సెల్స్ కలిపితే బలహీనమైనది ముందు ఖాళీ అయ్యి, ముందు నిండి, మొత్తం ప్యాకును పాడుచేస్తుంది. కట్టిస్తే అన్నీ ఒకే బ్యాచ్ సెల్స్‌తో, స్పాట్ వెల్డింగ్‌తో, కంట్రోలర్ ఆంపియర్లకు మించిన బీఎంఎస్‌తో కట్టించాలి. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టేవాడి దగ్గరికి వెళ్లొద్దు. అమెరికాలో ఉన్నవాళ్లకు దీంతో ఇంకో తలనొప్పి. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబర్ నుంచి అమ్మే ఈ-బైకులకు యూఎల్ 2849, విడి బ్యాటరీలకు యూఎల్ 2271 అనే భద్రతా ప్రమాణాల ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. విప్పి మళ్లీ కట్టిన ప్యాకుకు ఆ ధ్రువీకరణ వర్తించదు. ఇంటి యజమానులు లీజు కాగితాల్లోనే దీని గురించి అడగొచ్చు.

ఉబ్బిన ప్యాక్, నీళ్లలో మునిగిన ప్యాక్, కింద పడి సొట్ట పడ్డ ప్యాక్ మళ్లీ ఛార్జింగ్‌కు పెట్టకూడదు. దాన్ని పాత సామాన్లవాడికి తూకానికి వేస్తే అతను సుత్తితో పగలగొడతాడు, మంటలు అక్కడ మొదలవుతాయి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు సేకరించే బాధ్యత తయారీదారుదే, వాటిని ఇంటి చెత్తతో కలపకుండా విడిగా అప్పజెప్పే బాధ్యత మనది. కాబట్టి బండి అమ్మిన షోరూముకే ఫోన్ చేసి వెనక్కి తీసుకోమని అడగాలి. వాళ్లు వచ్చేదాకా ప్యాకును ఇంట్లో పెట్టుకోకుండా, గచ్చు మీద, ఎండా వానా తగలనిచోట, చుట్టూ కాలే వస్తువులేవీ లేకుండా ఉంచాలి.